అంబాజీపేట, రాజోలు, కొత్తపేట: రోబో సామాన్ల కోసం వీర్రాజు గారితో ఒక రోజు

రోబో పోటీలకి కావలసిన సామాన్లు హైదరాబాదు వెళ్తే గాని దొరకవని మా వైపు కాలేజీల్లో చాలామంది అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. అమలాపురం దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతూ, కొన్నేళ్ళపాటు పిల్లలచేత రోబోలు చేయించాక తెలిసిందేమిటంటే, ముప్పాతిక వంతు సామాను కోనసీమ దాటకుండా ఒక్క రోజులో సమకూర్చుకోవచ్చు. ఏ ఊళ్ళో ఏమి దొరుకుతుందో రాయమని ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు అడిగారు కాబట్టి రాస్తున్నాను. అయితే ఈ దారి గురించి రాయాలంటే నేను రెండువేల ఏడు డిసెంబరులో వెళ్ళిన రోజు గురించే రాయాలి. తరవాత ఎన్నిసార్లు వెళ్ళినా నాకు ఆ రోజే గుర్తుకొస్తుంది.

ఆ ఏడు నేను అసలు సామాన్లు కొనకూడదనుకున్నాను. అంతకుముందు ఫిబ్రవరిలో మా టీములో ఉన్న సత్యవేణి చనిపోయింది. హాస్టల్లో ఉండి రెండో సంవత్సరం చదివేది, పదిహేడేళ్ళు. సోల్డరింగ్ చేస్తుంటే దాని చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. రోబో ఎందుకు కదలడం లేదో అర్థంకానప్పుడు జడ కొస బొటనవేలికి చుట్టుకుంటూ నేల మీద కూర్చునేది, కాసేపటికి లేచి సరిగ్గా ఊడిన తీగ దగ్గరికే వెళ్ళేది. వాళ్ళ నాన్న వీర్రాజు గారు లారీ డ్రైవరు. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎక్కించుకుని ఢిల్లీ దాకా వెళ్ళి వచ్చేవారు. కూతురు కాగితం మీద బొమ్మ గీసి ఇస్తే, దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళి, అక్కడి పాత సామాన్ల బజారులో వెతికి మోటార్లు తెచ్చేవారు. కార్ల అద్దాలు తుడిచే వైపర్లవి, పాత ప్రింటర్లవి. మా రోబోలు రెండేళ్ళు ఆ మోటార్ల మీదే నడిచాయి. సత్యవేణి పోయాక మిగిలిన ముగ్గురు పిల్లలూ రోబో ఊసు ఎత్తలేదు. నేను ల్యాబుకి తాళం వేసి ఊరుకున్నాను.

డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం వీర్రాజు గారు గోనెసంచి భుజాన వేసుకుని మా స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డారు. బాగా చిక్కిపోయారు. "నమస్కారమండి మేడం గారు. మోటార్లు తెచ్చేనండి," అన్నారు. సంచి విప్పితే లోపల ఎనిమిది మోటార్లు, ఒక్కొక్కటీ పాత లుంగీ గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"ఎవరు తెమ్మన్నారండీ?" అన్నాను. అన్న తరవాత ఆ మాట అనకుండా ఉండవలసిందనిపించింది.

"ఎవరూ అనలేదండి. ఏటా దీపావళి వెళ్ళేక వేసే ట్రిప్పులోనే కదండీ తెచ్చేది. బండి ఆ బజారు పక్కనే ఆగింది. కాళ్ళు అటే వెళ్ళిపోయేయి." ఒక మోటారు చేతిలోకి తీసుకుని, "మిగతా సామాన్లు ఎప్పుడు కొంటారండి?" అన్నారు.

ఈ ఏడు మేం చెయ్యడం లేదని చెప్పడానికే నోరు తెరిచాను. ఆయన ఒక్కో మోటారునీ మళ్ళీ గుడ్డలో చుట్టి, ఒకదానికొకటి తగలకుండా సంచిలో పెడుతున్నారు. "వచ్చే శనివారం వెళ్దామనుకుంటున్నానండీ," అన్నాను.

"ఆయ్. నేనూ వస్తానండి. బండి నేను తెస్తాను," అన్నారు.

ఆయనకి చెప్పవలసిన మాట ఒకటి పది నెలలుగా నా దగ్గర ఉండిపోయింది. ఆ ప్రయాణానికి ఒప్పుకున్నది సామాన్ల కోసం కాదు, దాని కోసమే.

శనివారం పొద్దున్న ఆరున్నరకి అమలాపురం బస్టాండులో అంబాజీపేట వెళ్ళే బస్సెక్కాను. ఇరవై నిమిషాల ప్రయాణం, అప్పట్లో ఆరు రూపాయల టిక్కెట్టు. మీరు వెళ్ళేటప్పుడు కూడా ఇంత పొద్దున్నే బయల్దేరండి. కాస్త ఆలస్యమైతే కొబ్బరి లారీలు రోడ్డుకి అడ్డంగా తిరుగుతుంటాయి, బస్సు అంగుళం కదలదు. వీర్రాజు గారు అప్పటికే సెంటర్లో ఉన్నారు. తెలిసినవాళ్ళ చిన్న ట్రక్కు అడిగి తెచ్చుకున్నారు. వెనక గోనెసంచి తాడుతో కట్టి ఉంది.

లేత్ మిషన్ల షెడ్డు ఎనిమిదింటికి గాని తెరవరు కాబట్టి ముందు టిఫిన్ చెయ్యొచ్చు. అంబాజీపేటకి వచ్చి పొట్టిక్కలు తినకుండా వెళ్ళకండి. పనసాకులు బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. రోడ్డు వార ఒకావిడ వేడివేడిగా దించుతోంది. రెండు పెట్టించుకున్నాను, ఎనిమిది రూపాయలు. ఆవిడ వీర్రాజు గారిని ఎరిగినట్టే ఉంది. "మీకూ పెట్టమంటారా అన్నయ్యగారూ?" అని అడిగింది.

"వద్దమ్మా, ఇంటి దగ్గర చద్దన్నం తినొచ్చేను," అన్నారాయన.

"ఏడాది నుంచీ ఇదే మాట చెబుతున్నారండి," అంది ఆవిడ నావైపు తిరిగి. ఆయన ట్రక్కు టైర్లలో గాలి చూసే వంకతో అవతలికి వెళ్ళిపోయారు.

లేత్ షెడ్డు కొబ్బరి కళ్ళాల వెనక ఉంటుంది. నూనె మిల్లుల ఇరుసులు, బేరింగులు బాగుచేసే షెడ్డది. మనకి కావలసిన రోబో చక్రాలు అక్కడ నైలాను కడ్డీలోంచి కోసి ఇస్తారు, ఒక్కోటి నలభై రూపాయలు. మోటార్లు వెంట తీసుకెళ్ళడం ముఖ్యం. మోటారు ఇరుసు ఎంత లావుందో కొలిచి ఆ కొలతకే చక్రంలో రంధ్రం వేస్తారు. కొలత కాగితం మీద రాసుకెళ్తే అర మిల్లీమీటరు తేడా వచ్చి చక్రం ఊగుతుంది, మాకు అనుభవం. షెడ్డు యజమాని సూర్యనారాయణ గారు పెద్దాయన. సత్యవేణి సంగతి ఆయనకి తెలుసు. మోటార్లన్నీ బల్ల మీద వరసగా పేర్చి ఒక్కోదాన్నీ చేత్తో తిప్పి చూశారు. ఆరోదాని దగ్గర ఆగారు.

"ఇది వంగిందండి వీర్రాజు గారూ, ఇరుసు."

వీర్రాజు గారు దగ్గరికొచ్చి ఆ మోటారు చేతిలోకి తీసుకున్నారు. ఆయనే తిప్పి చూశారు. ఇరుసు కొస గుండ్రంగా తిరగకుండా ఊగుతోంది. "కొనేటప్పుడు తిప్పి చూడమని చెప్పింది కదండీ అమ్మాయి. మొదట ఇరుసు తిప్పి చూడు, తరవాత బ్యాటరీ పెట్టి చప్పుడు విను అని రెండేళ్ళ నుంచీ చెబుతోంది. అన్నీ చూసేను. ఇదొక్కటీ ఎలా మర్చిపోయేనో," అన్నారు. అదే మాట మూడుసార్లు అన్నారు. మోటారు ఖరీదు ఎనభై రూపాయలుంటుందేమో. ఆయన గొంతు విన్నవాళ్ళకి అది మోటారు గురించిన బాధ కాదని తెలిసిపోతుంది. సూర్యనారాయణ గారు దాన్ని మెల్లగా ఆయన చేతిలోంచి తీసుకుని, "సరిచేసేద్దాం లెండి, ఇదెంతసేపు," అని లేత్ మీద బిగించారు. నిజానికి దానికి అరగంట పైనే పట్టింది. చేస్తున్న వేరే పని ఆపి మరీ చేశారు.

అంబాజీపేటలోనే సైకిలు షాపులో చైన్లు, పళ్ళ చక్రాలు కొన్నాం. ఇనప సామాన్ల కొట్లో డ్రిల్లు బిట్లు, హాక్సా బ్లేడ్లు, కటింగ్ ప్లేయర్లు, రకరకాల నట్లు, బోల్టులు. రోబో చట్రానికి అల్యూమినియం కావాలంటే కొత్తది కొనకండి. పాత కిటికీ ఫ్రేములు తూకానికి అమ్మే కొట్టొకటి గన్నవరం వెళ్ళే రోడ్డు మొదట్లోనే ఉంది, కిలో నూట ఇరవై పడింది. పొడుగ్గా ఉన్న ముక్కలు ట్రక్కు వెనక తాడేసి కట్టారు వీర్రాజు గారు. పదిన్నరకి రాజోలు బయల్దేరాం.

వైనతేయ నది మీద కాలవని దాటించే వంతెన, గన్నవరం అక్విడక్టు మీదుగా రాజోలు గంటలోపే. అమలాపురం నుంచి నేరుగా బస్సులు కూడా ఉన్నాయి. రాజోలు ఎందుకంటే, అక్కడ ఇంటికొకరు చొప్పున కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. వాళ్ళు పంపిన టేపు రికార్డర్లు, వీసీఆర్‌లు, పిల్లలు ఆడుకునే రిమోటు కార్లు పాడైతే అన్నీ ఒకే రిపేరు షాపుకి చేరతాయి. బాగుపడనివి ఆయన మూలన పోగేస్తారు. ఆ పోగులో రోబోలు చేసేవాళ్ళకి కావలసినవన్నీ ఉంటాయి. రిమోటు కారు విప్పితే రేడియో బోర్డు దొరుకుతుంది. వీసీఆర్‌లో చిన్న మోటార్లు, బెల్టులు, స్ప్రింగులు. ఆ రిపేరు షాపు బస్టాండు దగ్గర మెడికల్ షాపు పక్క సందులో, మేడ మీద ఉంటుంది. ఏదైనా ముప్పై, నలభై రూపాయలకి మించి అడగరు.

షాపాయన బాషా గారు మమ్మల్ని చూడగానే స్టూలు జరిపారు. "రండి మేడం, ఇంకా రాలేదేంటా అనుకుంటున్నాను. అమ్మాయి రాలేదా అండీ? కిందటేడు ఆ ఎర్ర కారులో ఏం పోయిందో నా కంటే ముందు చెప్పేసింది. నేను దాంతో రెండ్రోజులు కుస్తీ పట్టేను."

వీర్రాజు గారు ఒకడుగు ముందుకొచ్చారు.

"రాలేదండి ఈసారి. నేనొచ్చేను."

"మీరు?"

"వాళ్ళ నాన్ననండి."

బాషా గారు లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "అదృష్టవంతులండీ మీరు. ఆ పిల్లని డిప్లమాతో ఆపెయ్యకండి. ఇంజినీరింగు చదివించండి. ఎంత కష్టమైనా చదివించండి."

"ఆయ్," అన్నారు వీర్రాజు గారు. "చదివిస్తానండి."

తరవాత ఒక గంటసేపు ఆ పోగు ముందు కూర్చుని ఏరుకున్నాం. నాకు చేతులాడలేదు. ఆయన మాత్రం ఒక్కో బోర్డూ తీసి, వెలుతురులో పెట్టి చూసి, "ఇది పనికొస్తుందా అండీ?" అని అడుగుతూనే ఉన్నారు. మూడు రేడియో బోర్డులు, పది చిన్న మోటార్లు, ఒక సంచెడు బెల్టులు తీసుకున్నాం. వెళ్ళేటప్పుడు బాషా గారు ఒక చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె కాగితంలో చుట్టి, "ఇది అమ్మాయికివ్వండి, నేనిచ్చేనని చెప్పండి," అన్నారు. వీర్రాజు గారు దాన్ని జేబులో పెట్టుకున్నారు.

కిందికి దిగాక, ట్రక్కు తాళం తీస్తూ నావైపు చూడకుండానే అన్నారు. "మీరు కూడా చెప్పకండి మేడం గారూ. ఒక్క కొట్లోనైనా ఉండనియ్యండి దాన్ని."

రాజోల్లో పన్నెండున్నరకి మెస్సుల్లో భోజనం వేడిగా దొరుకుతుంది, పాతిక రూపాయలు. కూర్చున్నాం గాని ఇద్దరం సరిగా తినలేదు. ఒంటిగంట దాటాక వెనక్కి బయల్దేరాం. గన్నవరం అక్విడక్టు ఇవతల అల్యూమినియం ముక్కలు జారుతున్న చప్పుడైంది. వీర్రాజు గారు బండి పక్కకి తీసి దిగి, తాడు విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టారు. నేనూ దిగాను. కింద వైనతేయ, దాని నడుమ లంకలో ఎవరో మిరప తోటకి నీళ్ళు పెడుతున్నారు. ఇంకెక్కడా చెప్పలేననిపించింది.

"వీర్రాజు గారూ, పోటీకి ముందు రోజు సత్యవేణికి జ్వరం వచ్చిందండీ," అన్నాను. "నాకు తెలుసు. చెయ్యి పట్టుకు చూశాను, కాలిపోతోంది. మాత్ర ఇచ్చాను. ఇంటికి పంపించేద్దామనిపించింది. కానీ రేడియో పని దానికొక్కదానికే వచ్చు. రెండ్రోజులు ఓర్చుకో, పోటీ అయిపోగానే ఇంటికెళ్ళి పడుకుందువుగాని అన్నాను. అది సరే మేడం అంది."

తాడు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. నేను మిగతాది కూడా చెప్పాను. రెండ్రోజులూ అది మాత్రలు వేసుకుంటూ రోబోని నడిపింది. సెమీఫైనల్లో ఓడిపోయాం. మూడోనాడు ఇంటికెళ్ళింది. నాలుగోనాటికి కాకినాడ ఆస్పత్రిలో ఉంది. డెంగీ అన్నారు. ఆలస్యమైపోయిందన్నారు. ఆరోనాటికి లేదు. ఇవన్నీ ఆయనకి తెలిసినవే. మొదటి రోజు సంగతే తెలియదనుకున్నాను.

ఒక బస్సు హారను కొడుతూ మమ్మల్ని దాటిపోయింది. ఆయన తాడు చివర ముడి వేసి, ముడిని రెండుసార్లు లాగి చూసి, అప్పుడన్నారు.

"నాకు ఫోన్ చేసిందండి ఆ రోజు. నేను నాగపూర్ ఇవతల డాబాలో ఉన్నాను. నాన్నా, ఒళ్ళు వెచ్చగా ఉంది అంది. నేనూ అదే అన్నానండి. రెండ్రోజులే కదమ్మా, ఎంత కష్టపడి చేసేవు, అది చూసుకుని వెళ్ళు అన్నాను." చేతులు లుంగీకి తుడుచుకున్నారు. "మీరు అన్నారని తెలీదు నాకు. నా మాట మీదే ఉండిపోయిందనుకుంటున్నాను ఇన్నాళ్ళూ."

ఆయన మాటల్లో నా మీద కోపం లేదు, ఓదార్పు కూడా లేదు. బండెక్కుతూ ఒక్కటే అన్నారు. "వాళ్ళమ్మకి తెలీదండి ఇది."

కొత్తపేట చేరేసరికి మూడున్నరైంది. కొత్తపేటలో ఇన్వర్టర్లు అమ్మే కొట్లో పన్నెండు వోల్టుల డ్రై బ్యాటరీలు దొరుకుతాయి, ఒక్కోటి ఆరు వందలు. రెండు కొత్తవి తీసుకుని, రోజూ సాధన చెయ్యడానికి వాడినవి రెండు సగం ధరకి అడగండి, ఇస్తారు. సోల్డరింగ్ ఐరన్, సీసం తీగ, రంగురంగుల వైర్లు, స్విచ్చులు కూడా ఆ వీధిలోనే తీసుకోవచ్చు. దొరకనివి రిలేలు, ఐసీలు మాత్రమే. వాటికి ఇంకో రోజు రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళాలి. కొత్తపేట నుంచి గంటన్నర దూరం.

సామానంతా ట్రక్కులోకెక్కాక వీర్రాజు గారు, "ఇల్లు ఇక్కడే, రెండు మైళ్ళు. మీరొస్తారని తెలిసి మా ఆవిడ కాఫీకి పాలు కూడా ఉంచింది. రాకపోతే బాగోదండి," అన్నారు. తప్పించుకోవాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను. వెళ్ళాను.

కాలవ గట్టు పక్కన రెండు గదుల డాబా. వాళ్ళావిడ రత్నం గారు ఎదురొచ్చి, "రండమ్మా," అని ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశారు. పది నెలల క్రితం ఆస్పత్రి వరండాలో చూసిన మనిషి కాదు, సగమైపోయారు. కాఫీ ఇచ్చి, ఎదురుగా చాప మీద కూర్చుని, ముందు సామాన్లన్నీ దొరికాయా అని అడిగారు. దొరికాయన్నాను. తరవాత అడిగారు. ఎన్నాళ్ళ నుంచో సరిచేసి పెట్టుకున్న ప్రశ్నలా ఉంది.

"ఒక మాట అడుగుతానండి. ఏమీ అనుకోకండి. ఆస్పత్రిలో డాక్టరు గారు జ్వరం ఎన్ని రోజుల నుంచి అని అడిగేరు. నేను ఒక్కరోజే అన్నానండి. నిన్న ఇంటికొచ్చేకే వచ్చింది అన్నాను. ఆయన అదే రాసుకున్నారు. తరవాత ఇంకో డాక్టరమ్మ వచ్చి, ఒక్కరోజు జ్వరంలా లేదే అంది. అప్పటి నుంచీ నాకు ఇదే ఆలోచన. నేను చెప్పింది తప్పా అండీ?"

వీర్రాజు గారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. తల వంచుకున్నారు. ఆయన అక్విడక్టు దగ్గర అన్న మాట నాకు గుర్తుంది. కానీ ఆవిడ తన మీద వేసుకున్నది నేను వెయ్యించిన బరువు. దాన్ని అలా మోయనిచ్చి కాఫీ తాగి వెళ్ళిపోవడం నావల్ల కాలేదు.

"అప్పటికి నాలుగు రోజులండీ," అన్నాను. "మీరు తప్పు చెప్పలేదు. మీకు తెలియనివ్వలేదు. పోటీ ముందు రోజే జ్వరం వచ్చింది. నాకు తెలుసు. ఉండమన్నది నేనే."

ఆవిడ నా మొహంలోకే చూస్తూ ఉండిపోయారు. అప్పుడు వెనకనుంచి వీర్రాజు గారి గొంతు వినిపించింది.

"నాకూ తెలుసు రత్నం. ఫోన్లో చెప్పింది. పోటీకి వెళ్ళమన్నాను."

రత్నం గారు లేచి కాఫీ గ్లాసులు తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. నా గ్లాసులో కాఫీ సగం ఉంది. పెరట్లో చేతిపంపు కొడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. రెండు గ్లాసులు కడగడానికి అంత నీరు అక్కర్లేదు. వీర్రాజు గారు అటు వెళ్ళబోయి ఆగిపోయారు. వచ్చాక ఆవిడ కూర్చోలేదు.

"దానికి తెలుసు. మీకు తెలుసు. ఈయనకి తెలుసు. నాకే తెలీదన్న మాట," అన్నారు. గొంతు పెంచలేదు. "నాకు చెబితే పోటీకి పంపనంటానని చెప్పలేదండి అది. నిజమే. పంపేదాన్ని కాదు."

కాసేపటికి ఆవిడే అడిగారు. "ఈసారి పిల్లలెంతమందండీ?"

"ముగ్గురండీ."

"వాళ్ళకి అమ్మలున్నారా?"

"ఉన్నారండీ."

"అయితే వాళ్ళకి చెప్పండి. ఒళ్ళు కొంచెం వెచ్చబడినా, ముందు వాళ్ళకి చెప్పండి. పోటీ సంగతి తరవాత," అని లోపలికి వెళ్ళిపోయారు. నేను వచ్చేసేటప్పుడు మళ్ళీ బయటికి రాలేదు. రావాలని నేను అనుకోలేదు కూడా.

వీర్రాజు గారు నన్ను కొత్తపేటలో ఆరుంపావు బస్సెక్కించారు. సామాను సోమవారం కాలేజీకి తెచ్చి దింపుతానన్నారు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికొచ్చి, "చెప్పేయడమే మంచిదయ్యిందేమోనండి. నాకు తెలీదు. ఇంటికెళ్తే గాని తెలీదు," అన్నారు. అమలాపురం దాకా గంట ప్రయాణం. ఆ గంటలో నేను దేని గురించి ఆలోచించానో ఇప్పుడు గుర్తులేదు. పక్క సీట్లో ఒకావిడ ఒంట్లో బాగోలేదా అని రెండుసార్లు అడిగింది.

ఆయన చెప్పినట్టే సోమవారం సామాను తెచ్చి దింపారు. పిల్లలు ముగ్గుర్నీ పిలిచి ల్యాబు తెరిచాను. మొదటి వారం ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. రెండో వారం నుంచి వైర్ల గురించి దెబ్బలాడుకోవడం మొదలుపెట్టారు. జనవరి ఆఖరికి రోబో నడిచింది. పోటీకి రెండు రోజుల ముందు, ముగ్గుర్లో రేడియో పని చూసే ప్రసాద్ మొహం ఎర్రగా కనిపించింది. థర్మామీటరు పెట్టి చూస్తే నూటొకటి. ఏం లేదు మేడం, మాత్ర వేసుకుంటాను అన్నాడు. వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. సాయంత్రానికి వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళిపోయారు. మేము పోటీకి వెళ్ళలేదు. మిగతా ఇద్దరూ నాతో వారం రోజులు మాట్లాడలేదు. అది మామూలు జ్వరమే. నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. అంతమాత్రానికి మానెయ్యాలా అని ప్రిన్సిపాల్ గారు అడిగారు.

తగ్గిందని తెలిసిన రోజు వీర్రాజు గారికి ఫోన్ చేశాను. ఆయన ట్రిప్పులో ఉన్నారు, ఫోను ఇంట్లోనే మర్చిపోయారట. రత్నం గారు తీశారు. కొత్తపేట నుంచి వచ్చాక ఆవిడ గొంతు వినడం అదే మొదలు. సంగతి చెప్పాను. "జ్వరం ఎంతుందండీ?" అన్నారు. నూటొకటి అన్నాను. "ఇప్పుడు?" తగ్గిందన్నాను. "వాళ్ళమ్మ దగ్గరే ఉన్నాడా?" ఉన్నాడన్నాను. "సరేనండి," అని మెల్లగా ఫోన్ పెట్టేశారు.

ఆవిడ నన్ను క్షమించారో లేదో నాకు తెలియదు. ఆ "సరేనండి"లో దాన్ని వెతకడం కూడా నాకు తగదు. పోటీలు ఏటా వస్తాయి. మోటార్లు, బ్యాటరీలు, బోర్డులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. పిల్లలు మన మాట వింటారు. మనం రెండ్రోజులు ఓర్చుకోమంటే నిజంగానే ఓర్చుకుంటారు. అది వాళ్ళ మంచితనం, మన గొప్ప కాదు. సీజను మొదలయ్యేటప్పుడు మనలో ఒక తొందర పుడుతుంది. ఈసారి గెలవాలి, ఎలాగైనా గెలవాలి అని. ఆ తొందరలో పిల్ల చెయ్యి పట్టుకుని, అది కాలుతోందని తెలిసి కూడా వదిలేసినదాన్ని నేను. నేను చేసినట్టు మీరు చెయ్యకూడదని ఇదంతా రాశాను.

చివరగా, వెళ్ళబోయేవాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి. సామాన్ల చీటీ రాసుకునేటప్పుడు మోటార్ల కంటే పైన, మొదటి వరసలో థర్మామీటరు రాయండి. ఏ మందుల షాపులోనైనా యాభై రూపాయలలోపు దొరుకుతుంది. ఆ చీటీ వెనకనే పిల్లలందరి అమ్మల ఫోను నంబర్లు రాసుకుని, అప్పుడు బస్సెక్కండి.